కాములోడునం

కాములోడునం ఆగ్నేయ ఇంగ్లండులోని నేటి కోల్చెస్టర్ స్థానంలో రోమన్ సైనిక శిబిరం నుంచి ఎదిగిన నగరం. బ్రిటన్‌లో రోమన్లు నెలకొల్పిన తొలి కొలోనియా, అంటే పదవీ విరమణ చేసిన సైనికులకు భూములిచ్చి స్థిరపరచిన పట్టణం.

రోమన్లు రాకముందు ఇది స్థానిక తెగల రాజధాని. క్రీ.శ. 43లో క్లాడియస్ చక్రవర్తి దీన్ని స్వాధీనం చేసుకున్న తరువాత ఇరవయ్యో లీజియన్‌కు ఇక్కడ కోట కట్టారు. 49లో ఆ దళాన్ని పడమటి సరిహద్దుకు తరలించి, శిబిరాన్ని కొలోనియాగా మార్చారు. కోట గట్లను చదును చేసి కందకాలు పూడ్చారు. కొన్ని సైనిక నివాసాలు ఇళ్లుగా మారాయి, శిబిర వీధులు చాలావరకు నగర వీధులయ్యాయి. తూర్పున క్లాడియస్ ఆలయం వెలిసింది.

మాజీ సైనికులు స్థానిక ట్రినోవాంటెస్ తెగ భూములను ఆక్రమించారని, ఆలయ వ్యయభారం ఆ తెగను కుంగదీసిందని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. 60–61లో పొరుగు తెగ రాణి బౌడికా నాయకత్వంలోని తిరుగుబాటుదారులు నగరాన్ని తగలబెట్టారు. గట్లు తీసేసినందున దానికి రక్షణ లేకపోయింది. కాలిన ఎర్రమట్టి పొర తవ్వకాల్లో నేటికీ బయటపడుతోంది.

పునర్నిర్మాణంలో చుట్టూ సుమారు 2.8 కిలోమీటర్ల రాతి ప్రాకారం కట్టారు. అందులో చాలా భాగం నిలిచే ఉంది. పడమటి బాల్కర్న్ ద్వారం కూడా కొంత మిగిలింది. ఆలయ పునాదిపై 11వ శతాబ్దిలో నార్మన్లు కోట నిర్మించారు. బ్రిటన్‌లో ఇంతవరకు గుర్తించిన ఏకైక రోమన్ రథపందేల మైదానం 2004లో ఇక్కడే బయటపడింది.