నాగార్జునకొండ: లోయ నుంచి లాంచీ దాకా

నాగార్జునకొండ దీవిగా మారి అరవై ఏళ్లు కావస్తోంది. అంతకు ముందు అది కృష్ణ ఒడ్డున ఒక లోయలో నిలబడ్డ మామూలు కొండ. లోయకు మూడు వైపులా నల్లమల గుట్టలు, నాలుగో వైపు నది. నాగార్జునసాగర్ జలాశయం నిండాక లోయ అడుగుకు పోయి, కొండ నెత్తి మాత్రం పైన మిగిలింది. హైదరాబాద్ తూర్పు శివార్లలోని హయత్‌నగర్, ఎల్.బి.నగర్ వాళ్లకు సాగర్ ఒక్కరోజులో వెళ్లి రాగల చోటు. ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా సుమారు 150 కిలోమీటర్లు. వానాకాలంలో గేట్లు ఎత్తారన్న వార్త టీవీలో వస్తే చాలు, ఆ ఆదివారం రోడ్డంతా కార్లే. అలా వచ్చినవాళ్లంతా దీవి దాకా వెళ్లరు. చాలామందికి గేట్ల దగ్గర నీటి తుంపర, ఎత్తిపోతల జలపాతం, రోడ్డు పక్కన వేపిన చేపలు సరిపోతాయి.

ఈ లోయకు జనం రావడం మాత్రం కొత్త సంగతి కాదు. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు ఇక్కడ విజయపురి పేరుతో రాజధాని కట్టుకున్నారు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల చాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు వరుసగా ఏలారు. వీరిలో మొదటివాడైన చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన సోదరి చాంతిసిరి బౌద్ధ మహాచైత్యానికి పెద్ద దాత. ఒకే ఇంట్లో రెండు మతాలు ఇంత సాఫీగా సాగడం ఆ కాలపు శాసనాల్లో కనిపించే ముచ్చట. లోయలో ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు లేచాయి. శివుడికి, అష్టభుజస్వామికి గుళ్లూ వెలిశాయి.

బోధిసిరి అనే ఉపాసిక వేయించిన ప్రాకృత శాసనం ఒకటుంది. సింహళ భిక్షువుల కోసం ఆమె చైత్యగృహం కట్టించింది. కశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, అపరాంతం, వంగం, వనవాసి, యవన, ద్రవిడ దేశాలు, తామ్రపర్ణి ద్వీపం, ఇలా ధర్మం చేరిన దేశాల జాబితా ఆ శాసనంలో ఉంది. తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయి. కాబట్టి విదేశీ యాత్రికుల రాకపోకలు ఈ లోయకు పదిహేడు వందల ఏళ్ల నాటివే. ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉన్నాడన్నది మాత్రం సంప్రదాయం చెప్పే మాట. ఇక్కడి ఇక్ష్వాకు శాసనాలు ఈ చోటును శ్రీపర్వతం, విజయపురి అంటాయే తప్ప ఆయన పేరెత్తవు.

ఇక్ష్వాకుల తర్వాత విజయపురి పాడుబడింది. మధ్యయుగాల్లో కొండ మీద కోట వెలిసింది, దాని గోడలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ తర్వాత చాలాకాలం లోయలో పుల్లారెడ్డిగూడెం వంటి చిన్న ఊళ్లు, పొలాలు, రాళ్లగుట్టలే. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఇక్కడ ఒక పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసన విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్, 1938–40లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. సుమారు 32 మీటర్ల వ్యాసం ఉన్న మహాచైత్యం బయటపడింది. బండిచక్రానికి ఆకుల్లా లోపల అడ్డుగోడలు కట్టి, మధ్య ఖాళీల్లో మట్టి నింపిన నిర్మాణమది. ఒక గదిలో చిన్న బంగారు భరిణె, అందులో ఎముక ముక్క దొరికాయి. అప్పట్లో ఇక్కడికి రావాలంటే మాచర్ల వైపు నుంచి బండి దారి పట్టాల్సిందే. వచ్చేవాళ్లు పండితులు, కూలీలు, అరుదుగా ఒక దొర.

1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు పునాది వేశారు. లోయ మునగడం ఖాయమని అప్పటికే తేలిపోయింది. అందుకే 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయను గాలించారు. సుమారు 23 చదరపు కిలోమీటర్ల నేలలో పాతరాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగపు గుళ్ల దాకా బయటికి తీశారు. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయి విడదీసి కొండ మీదికి ఎక్కించారు. ఈజిప్టులో అబూ సింబెల్ గుడిని ఎత్తున తిరిగి నిలబెట్టిన పని 1964లో గానీ మొదలు కాలేదు. ప్రపంచమంతా ఆ కథ చెప్పుకుంటుంది గానీ, మన కొండ కథ మనవాళ్లలోనే చాలామందికి తెలియదు.

కొండ మీద తొమ్మిది కట్టడాలను తిరిగి నిలబెట్టారు. మరికొన్నిటికి నమూనాలు చేశారు. 1966 నాటికి విహారం ఆకారంలో మ్యూజియం తయారైంది. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. మ్యూజియంలో నిలువెత్తు బుద్ధుడి ముందు అందరూ ఆగుతారు. అంతకన్నా తీరిగ్గా చూడాల్సినవి ఛాయాస్తంభాలు. చనిపోయినవారి గుర్తుగా నాటిన రాళ్లివి. వీటిలో రాజులవే కాదు, యుద్ధంలో పడిన సైనికులవి, పనివాళ్ల పెద్దలవి కూడా ఉన్నాయి. గంటలో దీవి చుట్టేసి లాంచీకి పరుగెత్తేవాళ్లకు ఇవి కనబడవు.

లాంచీయే ఈ దీవి రద్దీకి కొలత. థాయ్‌లాండ్‌లోని మాయా బే తీరం ఒక సినిమా పుణ్యాన జనంతో కిక్కిరిసి, పగడపు దిబ్బలు దెబ్బతిని, 2018 జూన్‌లో మూతపడింది. 2022 జనవరిలో తెరిచినప్పుడు విడతకు ఇంతమందే అని లెక్క పెట్టారు. నాగార్జునకొండకు అటువంటి నియమం అక్కర్లేకపోయింది. విజయపురి సౌత్ లాంచీ స్టేషన్ నుంచి పడవలో పట్టినంతమందే అక్కడికి చేరతారు, ఆ పడవే కాసేపు ఆగి వాళ్లను వెనక్కి తెస్తుంది. ఈ ఏర్పాటుకు ఒక తిరకాసు ఉంది. మరీ జనం లేని రోజున లాంచీ కదలకపోవచ్చు. గాలి ఎక్కువైనా, నీటిమట్టం బాగా తగ్గినా ఆగిపోవచ్చు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగాక ఆంధ్రప్రదేశ్‌లో పర్యాటక పడవలన్నీ ఆపేశారు. ఆ వెంటనే 2020లో కరోనా వచ్చింది.

2014లో రాష్ట్రం విడిపోయాక దీవి ఆంధ్రప్రదేశ్‌లో, ఆనకట్ట ఎడమ కొస తెలంగాణలో ఉన్నాయి. 2022 మే 14న తెలంగాణ వైపు 274 ఎకరాల్లో బుద్ధవనం తెరిచారు. హైదరాబాద్ నుంచి వచ్చే జనంలో కొంత భాగం అక్కడే ఆగుతోంది. మహాశివరాత్రికి మాత్రం లాంచీలు ఏలేశ్వరం గట్టు మీది మల్లన్న గుడికి భక్తులను చేరవేస్తాయి. ఏలేశ్వరం కూడా ఇదే జలాశయంలో మునిగిన పాత ఊరు.

కొండను నెమ్మదిగా చూడదలచినవారు గేట్లు ఎత్తిన వారాలు, ఆదివారాలు, పండుగలు వదిలేయాలి. చలికాలంలో మామూలు పనిదినాన పొద్దున్నే లాంచీ స్టేషన్‌కు చేరడం మేలు. ఆ రోజు లాంచీ నడుస్తుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. లాంచీ దొరకకపోతే అనుపు ఉంది. లోయ నుంచి తరలించిన మెట్ల రంగస్థలం, విశ్వవిద్యాలయమని పిలిచే కట్టడం అక్కడ ఒడ్డునే ఉన్నాయి, రోడ్డు మీద వెళ్లవచ్చు. మ్యూజియానికి శుక్రవారం సెలవు.