రెటీనా సిర స్పందన: చూసే పద్ధతులు మారిన తీరు

పల్నాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1819లోనే మద్రాసులో కంటి ఆసుపత్రి వెలసినా, బతికున్న మనిషి కంటి లోపలి పొరను, అంటే రెటీనాను, చూసే సాధనం మరో మూడు దశాబ్దాల వరకు వైద్యుల చేతికి రాలేదు. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ ఆఫ్తాల్మోస్కోప్‌ను లోకానికి వెల్లడించగా, రెండేళ్లకే కోక్సియస్, వాన్ ట్రిఖ్ట్ అనే వైద్యులు దృష్టినాడి బింబం (ఆ నాడి కంటిని కలిసే గుండ్రని చోటు) మీద సిర గుండె లయకు తగ్గట్టు సన్నబడి మళ్లీ నిండటాన్ని గమనించి రాశారు.

ఆ సిర కంటిని వదిలి వెళ్లే దారిలో, మెదడు చుట్టూ ఉండే ద్రవమే దృష్టినాడినీ చుట్టుకొని ఉంటుంది కనుక, కపాలంలో ఒత్తిడి పెరిగితే సాధారణంగా ఈ స్పందన ఆగిపోతుంది. ఆ ద్రవపు ఒత్తిడి సుమారు 190 మిల్లీమీటర్ల నీటి మట్టం దాటితే స్పందన నిలిచిపోతుందని 1978లో లెవిన్ చూపడంతో ఈ గుర్తుకు వైద్యంలో గట్టి విలువ ఏర్పడింది.

చేతి ఆఫ్తాల్మోస్కోప్‌తో వైద్యుడు రోగి చెంపకు చెంప ఆనేంత దగ్గరగా వంగి, రోగిని దూరపు గోడకేసి చూడమని చెప్పి, సిర బింబంలోకి దిగే మలుపు దగ్గర కొన్ని గుండె చప్పుళ్ల సేపు చూపు నిలపాలి; బొమ్మ పదిహేను రెట్లు పెద్దదిగా కనిపించినా ఒంటి కంటితో చూడటం వల్ల లోతు తెలియదు, రోగి కన్ను కదిలితే మొదటికొస్తుంది. స్లిట్ ల్యాంప్ (సన్నని కాంతిరేఖతో కంటిని చూసే సూక్ష్మదర్శిని) ముందు కటకం పట్టి చూసే పద్ధతిలో బొమ్మ తలకిందులైనా, రెండు కళ్లతో లోతు తెలుస్తుంది, రోగి తల కుదురుగా ఉంటుంది, చిన్న కదలిక కూడా దొరుకుతుంది. వీడియో పద్ధతి వచ్చాక అదే దృశ్యాన్ని నెమ్మదిగా, మళ్లీమళ్లీ, మరొకరితో కలిసి పరిశీలించే వీలు కలిగి, అంతకుముందు లేదనుకున్న స్పందన చాలామందిలో బయటపడింది. అంటే పాత లెక్కల్లోని ‘లేదు’ కొంతవరకు సాధనపు లోపమే.

పల్నాడులోని మాచర్ల, గురజాల వంటి చోట్ల స్పందన కనబడటానికీ కనబడకపోవడానికీ ఉన్న తేడాకు ప్రాణంతో సంబంధం ఉంది. తీవ్రమైన తలనొప్పితో వచ్చినవారికి స్పందన స్పష్టంగా కనిపిస్తే ఆ క్షణాన కపాలపు ఒత్తిడి బాగా పెరిగి ఉండే అవకాశం తక్కువ. అయితే ఒత్తిడి గంటగంటకూ మారగలదు కనుక మిగతా లక్షణాలను విడిచిపెట్టరాదు. కనిపించకపోవడం మాత్రం రోగానికి రుజువు కాదు, ఎందుకంటే ఆరోగ్యవంతుల్లోనూ పదిమందిలో ఒకరిద్దరికి చేతి ఆఫ్తాల్మోస్కోప్‌తో అది కనబడదు. కపాలపు ఒత్తిడి పెరిగాక బింబం ఉబ్బు తేలడానికి రోజులు పట్టవచ్చు కాబట్టి, దూరాన ఉన్న గుంటూరుకు రోగిని ఎంత తొందరగా పంపాలో తేల్చేటప్పుడు ఉబ్బు ఒక్కదాన్నే వెతికి ఊరుకోక, సిరను కూడా చూడటం మేలు.