గుడ్ ఫ్రైడే అంటే ఏమిటి? క్రైస్తవులకు అది ఎందుకు విషాద దినం?

క్రిస్మస్ అందరికీ తెలిసిన పండగే. గుడ్ ఫ్రైడే అలాంటిది కాదు. యేసును రోమన్ అధికారి పొంతి పిలాతు ఆజ్ఞతో సిలువ వేశారని క్రైస్తవులు గుర్తు చేసుకునే రోజు ఇది. ఇక్కడ 'గుడ్' అంటే పవిత్రమైన అని పాత అర్థం. తెలుగులో శుభ శుక్రవారం అంటారు.

ఎప్పుడు వస్తుంది?
ఈస్టర్ ఆదివారానికి ముందు వచ్చే శుక్రవారం. అందుకే తేదీ మారుతూ ఉంటుంది: 2024లో మార్చి 29, 2025లో ఏప్రిల్ 18, 2026లో ఏప్రిల్ 3. దీనికి ముందు 40 రోజులు ఉపవాస దినాలు, వీటినే శ్రమల దినాలు అని కూడా అంటారు. మన రోజా లాంటిది కాదు. క్యాథలిక్ పద్ధతిలో గుడ్ ఫ్రైడే నాడు పెద్దలు ఒక్క పూటే కడుపునిండా తింటారు, మాంసం ముట్టరు. నీళ్లకు అడ్డు లేదు.

ఆ రోజు ఏం చేస్తారు?
చాలా చర్చిల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ప్రార్థన జరుగుతుంది. సిలువపై యేసు పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు చెబుతారు. క్యాథలిక్కులు 14 స్థలాల సిలువ మార్గం నడుస్తారు. ఆ రోజు పూజబలి ఉండదు.

త్యాగం అంటే వారి అర్థం
మనం బక్రీద్ నాడు ఇబ్రాహీం అలైహిస్సలాం విధేయతను గుర్తు చేసుకుంటాం. క్రైస్తవులు మాత్రం యేసు మనుషుల పాపాల కోసం తానే బలి అయ్యాడని నమ్ముతారు. ఇక్కడే మనకూ వారికీ తేడా. ఈసా అలైహిస్సలాంను మనం గొప్ప ప్రవక్తగా గౌరవిస్తాం. కానీ ఆయనను చంపలేదు, సిలువ వేయలేదు అని ఖురాన్ సూరా నిసా 157వ ఆయతు చెబుతుంది. ఒకరి పాపం మరొకరు మోయరన్నది కూడా మన విశ్వాసం.

పొరుగువారితో ఎలా ఉండాలి?
శ్రీకాకుళం జిల్లాలో కెనడా బాప్టిస్టు మిషన్ కాలం నుంచి సంఘాలున్నాయి. క్యాథలిక్ మేత్రాసనం 1993లో ఏర్పడింది. పొందూరు లాంటి ఊళ్లో జుమా నమాజు, చర్చి ప్రార్థన ఒకే వేళకు పడతాయి. అజాన్, మైకు, బండ్ల పార్కింగు విషయం పెద్దలు ముందే మాట్లాడుకుంటే ఇబ్బంది ఉండదు. పక్కింటి వాళ్లకి ఆ రోజు 'హ్యాపీ గుడ్ ఫ్రైడే' అని మెసేజ్ పెట్టకండి, వాళ్లది దుఃఖదినం. పలకరింపు ఆదివారం ఈస్టర్ నాడు చెప్పుకోవచ్చు. విశ్వాసం వేరైనా మర్యాద మనదే కదా!