రోలర్ కోస్టర్

ఎత్తుపల్లాలతో, మెలికలతో సాగే పట్టాల మీద మనుషులను కూర్చోబెట్టి పరుగెత్తించే వినోద వాహనం రోలర్ కోస్టర్. చాలా రకాల్లో బండికి ఇంజనే ఉండదు. మొదటి మిట్ట మీదికి గొలుసు లాక్కెళ్లి వదిలేస్తుంది, అక్కడి నుంచి చివరిదాకా నడిపించేది భూమ్యాకర్షణే. ఎత్తు వల్ల వచ్చిన స్థితిశక్తి దిగేటప్పుడు గతిశక్తిగా, ఎక్కేటప్పుడు తిరిగి స్థితిశక్తిగా మారుతుంది. రాపిడికీ గాలికీ దారి పొడవునా కొంత ఖర్చయిపోతుంది కాబట్టి తర్వాతి మిట్టలేవీ మొదటిదాని ఎత్తును అందుకోవు.

రష్యాలో చలికాలంలో కట్టుకునే మంచు జారుడు దిబ్బలు దీనికి పూర్వరూపం. అమెరికాలో లామార్కస్ థాంప్సన్ 1884లో న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో నడిపిన స్విచ్‌బ్యాక్ రైల్వే గంటకు సుమారు 10 కిలోమీటర్లే పోయేది. టికెట్ 5 సెంట్లు.

తలకిందులుగా తిప్పే లూప్ దగ్గరే అసలైన ఇంజనీరింగ్ కనిపిస్తుంది. 1895లో కోనీ ఐలండ్‌లోనే పెట్టిన ఫ్లిప్ ఫ్లాప్ రైల్వేలో లూప్ గుండ్రటి వృత్తం. ఎక్కినవాళ్ల మెడలకు అది పెద్ద గండమైంది. కారణం లెక్కలోనే ఉంది. వృత్తం పైభాగంలో బండి పట్టాను వదలకుండా ఉండటానికి కనీస వేగం ఒకటుంటుంది. ఆ వేగం పైన మిగలాలంటే అడుగున ఎంత జోరుగా దూసుకురావాలంటే, మనిషి తన బరువుకు 6 రెట్ల భారాన్ని భరించాలి. 60 కిలోల మనిషి 360 కిలోలు తూగినట్టు! పైగా అది మెల్లగా పెరగదు. తిన్నటి పట్టా నుంచి వృత్తంలోకి అడుగుపెట్టిన క్షణంలోనే మీద పడుతుంది.

దీనికి దొరికిన విరుగుడు ఎంతో అందమైనది. వేగం ఎక్కువగా ఉండే అడుగుభాగంలో వంపును విశాలంగా పరిచి, వేగం తగ్గే పైభాగంలో బిగించారు. అందుకే నేటి లూప్‌లు నీటిబొట్టు ఆకారంలో ఉంటాయి. వెర్నర్ స్టెంగెల్ లెక్కలు వేయగా అంటన్ ష్వార్జ్‌కాఫ్ నిర్మించిన రివల్యూషన్, 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్‌లో ఈ పద్ధతిని నిలబెట్టింది. ఇద్దరూ జర్మన్లే. ఇందులో వాడిన వంపు పేరు క్లోథాయిడ్. ముందుకు పోయేకొద్దీ వంపు సమంగా పెరుగుతూ పోవడం దీని లక్షణం. మన జాతీయ రహదారుల మలుపులకు ముందు వేసేదీ ఈ వంపే. డ్రైవరు స్టీరింగును ఒక్కసారిగా కోయకుండా కొద్దికొద్దిగా తిప్పగలిగేది దాని వల్లనే. ప్రయాణికుడు నిద్రలేవకుండా మలుపు దాటించే గణితమే ఇక్కడ కేకలు పెట్టిస్తోంది.

బండి పట్టాలు తప్పకుండా మూడు రకాల చక్రాలు కాస్తాయి: బరువు మోసేవి, పక్కల నుంచి పట్టేవి, పట్టా అడుగున పట్టి ఎగిరిపోనివ్వనివి. అడుగు చక్రాలకు అమెరికన్ ఇంజనీరు జాన్ మిల్లర్ 1919లో పేటెంటు పొందాడు. సంప్రదాయ కోస్టర్ మిట్ట ఎక్కుతున్నప్పుడు వినిపించే టకటక చప్పుడు చాలామందికి భయం పుట్టిస్తుంది. నిజానికి అది గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా ఒక్కో పంటిలో పడుతున్న కొక్కెం శబ్దం. అభయమిచ్చే చప్పుడది. కొత్త కోస్టర్ల చివర అయస్కాంత బ్రేకులుంటాయి. లోహపు రేకు అయస్కాంతాల మధ్య నుంచి దూసుకుపోతుంటే అందులో పుట్టే విద్యుత్తే వేగాన్ని అణుస్తుంది. కరెంటు పోయినా ఇవి పనిచేస్తాయి. అయితే వేగం తగ్గేకొద్దీ వాటి పట్టూ సడలుతుంది, పూర్తిగా ఆపడానికి వేరే బ్రేకులు కావాలి.

మన దగ్గరా రోలర్ కోస్టర్లున్నాయి. హైదరాబాద్ శివారు రావిర్యాలలోని వండర్‌లా పార్కులో ఉన్న రీకాయిల్ వచ్చిన దారినే వెనక్కి తిరిగి వెళ్లే రకం.

ఏ పెట్టెలో కూర్చోవాలన్నది అభిరుచిని బట్టి ఉంటుంది. ముందు పెట్టె మిట్ట అంచును నెమ్మదిగా దాటుతుంది, లోయంతా కళ్లముందు పరుచుకుంటుంది. చివరి పెట్టె అంచుకు చేరేసరికి ముందున్నవన్నీ కిందికి లాగుతుంటాయి కాబట్టి జోరుగా దాటుతుంది. సీటు మీద నుంచి ఒళ్లు తేలిపోవాలంటే అక్కడే కూర్చోవాలి.