వెలుగుతో చర్మ చికిత్స: బావంచాల నుండి లేజరు దాకా

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పెద్దవారి ముంజేతులపై పచ్చబొట్లు నేటికీ కనిపిస్తాయి. మనిషితో పాటు కాటిదాకా వచ్చేది పచ్చబొట్టే అని వారి నమ్మకం. ఆ పచ్చబొట్టును సైతం నేడు వెలుగుతో చెరపవచ్చు. ఇది ఎలా సాధ్యమైంది?

వెలుగు వైద్యం మనకు కొత్త కాదు. బొల్లి మచ్చలకు బావంచాల గింజలు వాడి ఎండ సోకనివ్వడం ఆయుర్వేదం ఎరిగిన పద్ధతి. ఆ గింజలలోని సోరాలెన్ అనే పదార్థం చర్మంపై ఎండ ప్రభావాన్ని పెంచుతుంది. ఐరోపాలో నీల్స్ ఫిన్సెన్ అనే వైద్యుడు చర్మక్షయను కాంతికిరణాలతో నయం చేసి 1903లో నోబెల్ బహుమతి పొందాడు.

1960లో థియోడర్ మైమన్ కెంపు స్ఫటికంతో తొలి లేజరును వెలిగించాడు. కొద్దికాలానికే లియోన్ గోల్డ్‌మన్ అనే చర్మవైద్యుడు దానిని చర్మంపై పరీక్షించాడు. అయితే చుట్టూ ఉన్న చర్మం కాలకుండా లక్ష్యాన్ని మాత్రమే కొట్టే సూత్రాన్ని 1983లో ఆండర్సన్, పారిష్ వివరించారు.

ఆ సూత్రం సులభమైనదే. నల్లబట్ట, తెల్లబట్ట పక్కపక్కన ఎండలో ఆరవేస్తే నల్లనిదే ముందు వేడెక్కుతుంది. అలాగే వెంట్రుకలోని నల్లని మెలనిన్, పచ్చబొట్టులోని రంగు, రక్తనాళంలోని ఎరుపు తమకు తగిన వెలుగును పీల్చుకొని వేడెక్కుతాయి. ఆ వేడి చుట్టుపక్కలకు పాకక ముందే వెలుగు ఆగిపోవాలి. వెంట్రుకకు సెకనులో వెయ్యోవంతుల లెక్క. పచ్చబొట్టుకు వందకోటి వంతుల లెక్క. చితికిన రంగు రేణువులను శరీరమే క్రమంగా తొలగిస్తుంది. పార్లర్లలో కనిపించే ఐపీఎల్ లేజరు కాదు. అది అనేక తరంగదైర్ఘ్యాలు కలిసిన వెలుగు.

చిక్కు ఇక్కడే ఉన్నది. మన సీమవాసుల చామనచాయ చర్మంలోనూ మెలనిన్ సమృద్ధిగా ఉన్నది. అది వెంట్రుకదో, చర్మానిదో వెలుగుకు తెలియదు.

కొన్నేళ్ళ క్రిందట ఒక పెళ్ళికూతురు తండ్రితో కలిసి నా వద్దకు వచ్చింది. గడ్డంమీది వెంట్రుకలు పోవాలని ఎక్కడో కాంతిచికిత్స చేయించుకున్నదట. దవడ పొడవునా కాలిన చారలు! “డాక్టరుగారూ, ముహూర్తానికి మానుతాయా?” అని తండ్రి అడిగాడు. పుండ్లు మానాయి గాని, నల్లమచ్చలు తగ్గడానికి నెలలు పట్టింది. ఆ యంత్రం చెడ్డది కాకపోవచ్చు. అమ్మాయి చర్మపు రంగును చూడకుండా దానిని ప్రయోగించడమే తప్పు.

కనుక చికిత్సకు పూనుకొనేవారు అర్హతగల చర్మవైద్యునే ఆశ్రయించాలి. చామనచాయవారికి వెంట్రుకల తొలగింపులో 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజరు సాధారణంగా సురక్షితతరం. ముందు చిన్న భాగంపై పరీక్షించమనండి. కళ్ళకు రక్షణ తప్పనిసరి. పుట్టుమచ్చ పెరుగుతున్నా, రంగు మారుతున్నా లేజరు జోలికి పోక, మొదట వైద్యునికి చూపించండి. పెళ్ళి దగ్గరపడ్డాక ఈ ప్రయోగాలు వద్దు.