బూడిదలో పోసిన చరిత్ర

ఇల్లు చూసి ఇల్లాల్ని చూడమన్నారు పెద్దలు. బాగానే వుంది. కాని ఆ ఇల్లాలి చేతులు కూడా ఒకసారి చూడమని ఏ పెద్దా అన్నట్టు నేను వినలేదు. రాజుల చరిత్ర శాసనాల్లో వుంటుంది. కోటల చరిత్ర రాళ్ళలో వుంటుంది. మరి అంట్ల చరిత్ర ఎక్కడ వుంటుందండీ? అరచేతుల్లో వుంటుంది. చేతులు కడుక్కోగానే అదీ పోతుంది!

ఈమధ్య ఎవరింటికి వెళ్ళినా “రసాయనాలు మానేశాం, అన్నీ ఇంట్లోనే చేసుకుంటున్నాం” అన్న మాట వినిపిస్తోంది. ఒక వంతు బెల్లం, మూడు వంతులు నారింజ తొక్కలు, పది వంతులు నీళ్ళు కలిపి మూడు నెలలు పులియబెడుతున్నారు. కుంకుడుకాయలు అందమైన గుడ్డసంచుల్లో, అంతకన్నా ఘనమైన ధరకి దొరుకుతున్నాయి. సంతోషమే. అయితే నిన్నగాక మొన్న కనిపెట్టినట్టు చెప్పుకుంటున్న ఈ విద్య వెనక కథ ఏమిటో ఓసారి తిరగేసి చూద్దామనిపించింది.

ముందు బూడిద సంగతి. కట్టెల పొయ్యిలున్న రోజుల్లో పొద్దున్నే పొయ్యిలో బూడిద ఎత్తి, జల్లించి, పెరట్లో ఓ మూకుట్లో పెట్టేవారు. కొబ్బరిపీచో, ఎండిన బీరపీచో తడిపి ఆ బూడిద అద్ది తోమితే ఎంత జిడ్డయినా వదిలేది. ఎందుకంటే కట్టెల బూడిదలో క్షారం వుంటుంది. అది జిడ్డుతో కలిస్తే కొంత సబ్బవుతుంది. అంటే గిన్నెకంటిన నూనెతోనే అప్పటికప్పుడు కాస్త సబ్బు చేసి, ఆ గిన్నెనే తోమేవారన్నమాట మనవాళ్ళు!

బూడిదే కదా అని తీసిపారెయ్యకండి. పిల్లలు సైన్సు పుస్తకంలో చదివే ‘ఆల్కలీ’ అన్న మాటకి అరబ్బీలో అర్థం మొక్కల్ని కాల్చిన బూడిదే. ఇంగ్లీషువాళ్ళు బూడిదనీళ్ళు వడగట్టి, కుండల్లో మరగబెట్టి తీసిన ఉప్పుని ‘పాటాష్’ అన్నారు. కుండ బూడిద అని. 1807లో హంఫ్రీ డేవీ పొటాష్ నుంచి ఒక కొత్త లోహాన్ని విడదీసి, దానికి పొటాషియం అని పేరు పెట్టాడు. అంత గొప్ప రసాయనశాస్త్రం వంటింటి పొయ్యి దగ్గరే పేరు అరువు తెచ్చుకుందన్నమాట.

యూరపులో సబ్బుకి కావలసిన సోడా కోసం సముద్రపు నాచునీ, ఉప్పునేలల్లో పెరిగే మొక్కల్నీ కాల్చేవారు. 1791లో నికొలా లెబ్లాంక్ అనే ఫ్రెంచాయన మామూలు ఉప్పునుంచే సోడా తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. పాపం, విప్లవం రోజుల్లో ఆయన ఫ్యాక్టరీ చేజారిపోయింది. 1806లో పేదరికంలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ పద్ధతి మాత్రం బతికింది. పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో సబ్బు ఉడకడం మొదలైంది, రానురాను చవకైంది.

మనకి సబ్బు మాటే అరువు మాట. అరబ్బుల సాబూన్‌కీ, పోర్చుగీసు సబావ్‌కీ మన సబ్బు దగ్గర చుట్టం. మరి అంతకు ముందు? కుంకుడుకాయ వుండనే వుంది. 1753లో లిన్నేయస్ అనే స్వీడను శాస్త్రవేత్త ఆ జాతి చెట్లకి ‘సాపిండస్’ అని నామకరణం చేశాడు. ఇండియా సబ్బు అని దాని అర్థం. కాయ మీది గుజ్జులో సాపోనిన్లు అనే పదార్థాలుంటాయి. నీళ్ళలో నురగనిచ్చేవి అవే. తలంటుకీ, పట్టుచీరకీ, నగలకీ కూడా అదే మందు. రసం కళ్ళలో పడి పిల్లలు లబోదిబోమంటే నోట్లో నాలుగు ఉప్పుకళ్ళు వేసి ఊరుకోబెట్టేవాళ్ళు. మంట తగ్గేదో లేదో గాని ఏడుపు మాత్రం ఆగేది!

ఇత్తడికి చింతపండు. చారు పిండుకున్నాక మిగిలిన పిప్పిని పారెయ్యకుండా బిందెలకి, దీపపు కుందులకి దాచేవారు. చింతపండులోని పులుపు ఇత్తడి మీది నల్లటి చిలుముని కరిగిస్తుంది. బట్టలకి చవుడుమన్ను. ఇంటి ముందు పేడనీళ్ళ కళ్ళాపి. ఒక్క పైసా ఖర్చు లేదు, ఒక్క డబ్బా మిగిలేది కాదు.

ఇక్కడి దాకా చెప్పి ఆపేస్తే వ్యాసం చాలా తియ్యగా వుంటుంది. “ఆహా, ఆ రోజులే వేరు” అనుకుని మనం పేజీ తిప్పెయ్యచ్చు. కాని ఒక్క ప్రశ్న అడగాలి. ఈ పనంతా ఎవరు చేశారు?

చవుడులో నానబెట్టి, బానల్లో ఉడికించి, మోకాటిలోతు నీళ్ళలో నిలబడి బండకేసి బాదిన బట్టలు మనవే గాని ఆ చేతులు మనవి కావు. చాకలి గుర్తు పెట్టేది నల్లజీడి రసంతో. ఎన్ని ఉతుకులకీ పోని సిరా అది, పూర్తిగా చెట్టునుంచి వచ్చిందే. ఒంటికి తగిలితే మాత్రం బొబ్బలెక్కుతుంది. నిజాం కాలపు తెలంగాణలో దొరల బట్టలుతకడం చాకళ్ళకి వెట్టి. కూలి లేదు, కాదనడానికి లేదు. ఆ కులంలో పుట్టిన పాలకుర్తి ఐలమ్మ 1940లలో తను పండించిన పంట దేశ్‌ముఖ్ పాలు కానివ్వనని నిలబడితే అది చరిత్రకెక్కింది. రేవులో నడుములు విరిగిన మిగతా ఆడవాళ్ళ పేర్లు ఏ చరిత్రకీ ఎక్కలేదు.

బూడిద కూడా ఉచితంగా రాలేదు. దాని వెనక పొగ వుంది. పొగగొట్టంతో ఊది ఊది కళ్ళు ఎర్రబడ్డ ఆడవాళ్ళున్నారు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద పేద ఇళ్ళలో ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. గ్యాసు వచ్చిన ఇంట్లో బూడిద మాయమైంది. ఎవరైనా విచారించారా? బూడిద పోతే పోయింది, పొగ పోయిందని దణ్ణం పెట్టుకున్నారు!

సబ్బుపొడి కథా అంతే. మొదటి ప్రపంచయుద్ధంలో కొవ్వులు దొరక్క జర్మనీవాళ్ళు కృత్రిమ డిటర్జెంట్లు తయారుచేశారు. మన దేశంలో 1959లో సర్ఫ్ వచ్చింది. 1969లో గుజరాత్‌లో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా పొడి చేసి, సైకిలు మీద తిరుగుతూ చవగ్గా అమ్మాడు. ఉప్పునీళ్ళ బావుల ఊళ్ళలో మామూలు సబ్బు ఎంత రుద్దినా తెట్టు కడుతుందే గాని నురగ రాదు. ఆ నీళ్ళలో కూడా పొడి పనిచేసింది. నానబెట్టి, నాలుగుసార్లు జాడిస్తే అయిపోయింది. ఆ అరగంట మిగలడం ఎంత భాగ్యమో ఆడదానికి తెలుసు. ఆ అరగంటలోనే మనలో చాలామంది వారపత్రికలు చదివాం.

అయితే నురగ మన తూముదాటి ఎక్కడికి పోతోంది? 2015లో బెంగుళూరు బెళ్ళందూరు చెరువు నురగ గాలికి లేచి రోడ్డు మీదికి వచ్చింది. ఢిల్లీలో యమున మీద మంచుకొండల్లా నురగ తేలుతుంటే అందులోనే నిలబడి ఆడవాళ్ళు ఛఠ్ పూజ చేశారు. మురుగునీటిని శుద్ధి చెయ్యకుండా వదిలెయ్యడం అసలు తప్పు, అది ప్రభుత్వాలు దిద్దవలసినది. అయినా ఆ మురుగులో మన బకెట్టు కూడా వుంది మరి.

అందుకని పాతదంతా బంగారమనీ అనొద్దు, కొత్తదంతా విషమనీ అనొద్దు. చెట్టునుంచి వచ్చిందంటే హాని లేనిదని కాదు. కుంకుడు రసం చేపలకి విషమే, చెరువులో కుమ్మరించకూడదు. నిమ్మరసంలో వంటసోడా కలిపితే బుసబుస పొంగుతుంది, చూడ్డానికి సరదాగా వుంటుంది. కాని పులుపూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది ఉప్పునీళ్ళలాంటివే. విడివిడిగా వాడితేనే ఫలితం. పుల్లటి ద్రవాలేవీ బ్లీచింగ్ పౌడరులో మాత్రం కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరికి ప్రమాదం.

చెయ్యాలనుంటే సులువైనదే చెయ్యండి. పది పన్నెండు కుంకుడుకాయలు కొట్టి గింజలు తీసేసి, అరలీటరు నీళ్ళలో రాత్రి నానబెట్టండి. పొద్దున్నే పావుగంట మరిగించి, చల్లారాక పిసికి వడగట్టండి. ఫ్రిజ్‌లో పెడితే వారం రోజులు వాడుకోవచ్చు. పట్టుచీరలకి, వెండి సామానుకి, గచ్చు తుడవడానికి పనికొస్తుంది. ఇత్తడికి చారు పిప్పి ఎలాగూ వుంది. రోజువారీ అంట్లకి, మాసిన బట్టలకి పొడి వాడుకున్నా తప్పు లేదు. చెంచాతో కొలిచి వేసుకుంటే చాలు. నురగ ఎక్కువైతే మురికి ఎక్కువ పోతుందన్నది మన భ్రమ.

ఒక్క సంగతి మాత్రం మరిచిపోకండి. అమ్మమ్మల నాటి పద్ధతి తిరిగి తెస్తున్నామంటూ అమ్మమ్మల నాటి చాకిరీ కూడా తెచ్చి మన నెత్తినో, పనిమనిషి నెత్తినో పెట్టుకుంటే నదికి మేలు జరుగుతుందేమో గాని ఆడదానికి జరగదు. కుంకుళ్ళు కొట్టడానికి గాజులున్న చేతులే కావాలని ఏ శాస్త్రంలోనూ రాసిలేదు. ఆదివారం పొద్దున్న పేపరు చదువుతూ కూచున్నాయన చేతికి ఓ రాయి, ఓ గుప్పెడు కాయలు ఇచ్చి చూడండి. చరిత్ర ఎక్కడో అక్కడ కాస్త మలుపు తిరగాలి కదా!