శాలిబండ: మెమరీలో ఒక పేరు, ఒక పిన్‌కోడ్

హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్‌కు దక్షిణాన ఉన్న పేట శాలిబండ. ప్రోగ్రామింగ్ భాషలు వేర్వేరు డేటా రకాలను మెమరీలో ఎలా దాస్తాయో చూడటానికి ఈ చిరునామా ఒక్కటి చాలు.

యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలున్నాయి. ఈ అమరికకు మూలం ‘ఇస్కీ’ అనే భారతీయ ప్రమాణం. దాని పుట్టుకకు 1983, 1988, 1991 అని మూడు సంవత్సరాలు చెబుతారు. భారతీయ ప్రమాణంగా స్థిరపడింది 1991లోనే అయినా, యూనికోడ్ తీసుకున్నది 1988 నాటి రూపాన్ని. ఇక్కడ ఆ ఏడాదికే మొగ్గు.

‘శాలిబండ’లో కోడ్లు ఏడు: శ, దీర్ఘం, ల, గుడి, బ, సున్న, డ. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 21. సీ భాష చివర సున్నా బైటు చేరుస్తుంది కాబట్టి 22. పైథాన్ 3.3 నుంచి కోడుకు 2 బైట్ల చొప్పున 14 పడతాయి, ఆబ్జెక్టు వివరాలు అదనం. పొడవెంత అని అడిగితే జావా, పైథాన్ 7 అంటాయి. గో, రస్ట్ 21 అంటాయి. స్విఫ్ట్ 4 అంటుంది. పలక పట్టిన పిల్లలు కూడా శా, లి, బం, డ అని నాలుగే లెక్కపెడతారు. తెలుగు వరకు స్విఫ్ట్ లెక్కే సబబు.

‘షాలిబండ’ అని రాసేవారూ ఉన్నారు. శ బైట్లు 224, 176, 182. ష బైట్లు 224, 176, 183. తేడా ఆఖరి బిట్టు ఒక్కటే. అయినా వెతికే ప్రోగ్రాముకు అవి రెండు వేర్వేరు పేటలు.

ఇక అంకెల సంగతి: ఈ పేటలోని రాజా రాయరాయన్ దేవిడీ (హవేలీ) గడియార స్తంభాన్ని 1904లో కట్టారంటారు. నాలుగు ముఖాల మీద అంకెలు నాలుగు లిపుల్లో ఉన్నాయని, వాటిలో తెలుగూ ఒకటని నగర చరిత్ర రాసినవారి మాట. విలువ ఒకటే అయినా మెమరీలో రూపాలు వేరు: పూర్ణాంకంగా 9కి ఒక బైటు చాలు, ‘౯’ అన్న అక్షరానికి మూడు కావాలి. పైథాన్ ‘౯’ను 9గా మారుస్తుంది, సీలోని ఏటోఐ ఫంక్షన్ సాధారణంగా సున్నా ఇచ్చి ఊరుకుంటుంది.

దశాంశాలకు ఎక్కువ భాషలు ఐఈఈఈ 754 పద్ధతినే వాడతాయి. 17.35 వంటి విలువ అందులో కచ్చితంగా ఇమడదు. అందుకే పత్తర్‌గట్టీ బజారులో ముత్యాలు కొన్న బిల్లయినా సరే, మొత్తాన్ని పైసల్లో పూర్ణాంకంగా దాస్తేనే భద్రం.

పేట పిన్‌కోడ్ 500065. రుణ గుర్తుకు చోటివ్వని 16 బిట్ల పూర్ణాంకంలో కూడా గరిష్ఠ విలువ 65535 కాబట్టి అది పట్టదు. 32 బిట్లలో పెడితే ఇంటెల్ యంత్రాల్లో 97, 161, 7, 0 అనే వరుసలో ఉంటుంది. మొదటి రెండు బైట్లే తీసుకుని రుణ గుర్తు ఉండగల సంఖ్యగా చదివితే -24223 వస్తుంది. పిన్‌కోడ్‌తో కూడికలూ తీసివేతలూ ఎవరూ చేయరు; దాన్ని స్ట్రింగ్‌గా, 6 బైట్లలో దాచడమే మేలు.